ఫోన్‌లో దూరవిద్య క్లాసు: కౌన్సెలర్లు, విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల స్టడీ సెంటర్లలో ఆదివారం క్లాసులు చెప్పే కౌన్సెలర్లు, ఆ క్లాసులకు ఓ వారం వచ్చి ఓ వారం రాలేకపోయే విద్యార్థులు పదేపదే అడిగే ప్రశ్నలివి. నేను కామర్స్ చెప్తాను కాబట్టి ఉదాహరణలు అటువైపే ఎక్కువ. చరిత్ర, రాజనీతి, తెలుగు చెప్పేవాళ్లు తమ సబ్జెక్టుకు తగ్గట్టు మార్చుకోవచ్చు. యాప్‌ల నియమాలను కంపెనీలు తరచూ మారుస్తుంటాయి. ఏదైనా మొదలుపెట్టే ముందు సెట్టింగ్స్ ఒకసారి చూసుకోండి.

మొబైల్ క్లాస్‌రూమ్ అంటే మా ఊరికి బస్సు వస్తుందా?

రాదు. కంప్యూటర్లు బిగించిన వ్యాన్లు కొన్నిచోట్ల తిరుగుతుంటాయి కాబట్టి చాలామందికి ఈ అనుమానం వస్తుంది. ఇక్కడ చెప్తున్నది జేబులో ఉన్న ఫోన్ గురించే. టీచర్ చెప్పేది ఫోన్‌లో వినడం సగం పని. విన్నవాళ్లు అదే ఫోన్‌లో తిరిగి ఏదో ఒకటి చెప్పడం, అది చూసి టీచర్ తన తర్వాతి మాట మార్చుకోవడం మిగతా సగం. ఈ రెండో సగమే మన క్లాసుల్లో కనపడదు.

మేం ప్రతి ఆదివారం జూమ్‌లో గంటన్నర క్లాసు చెప్తున్నాం. అది ఇంటరాక్టివ్ కాదా?

ఒక పరీక్ష పెట్టుకోండి. క్లాసు మొదలైన పది నిమిషాలకు విద్యార్థులందరూ ఫోన్ పక్కన పెట్టేసి వంటింట్లోకో, షాపు కౌంటర్ దగ్గరికో వెళ్లిపోయారనుకోండి. మీ క్లాసు అప్పుడు కూడా ఇలాగే సాగేదా? సాగుతుందంటే అది లైవ్ క్లాసే కానీ ఇంటరాక్టివ్ కాదు, అంటే రెండువైపులా నడిచేది కాదు. లైవ్‌గా ఉండటానికీ, ఇంటరాక్టివ్‌గా ఉండటానికీ సంబంధం మనం అనుకున్నంత లేదు. రెండు రోజులు ఆలస్యంగా వచ్చిన వాయిస్ మెసేజ్‌కి టీచర్ సరిగ్గా బదులిస్తే, ఆ రెండు నిమిషాలు గంటన్నర జూమ్ కంటే ఎక్కువ పనిచేస్తాయి.

దూరవిద్యలో మైకేల్ మూర్ అనే, అమెరికాలో పనిచేసిన ఆచార్యుడు 1989లో చేసిన విభజన ఇప్పటికీ పనికొస్తుంది. విద్యార్థికీ పాఠానికీ మధ్య జరిగేది ఒకటి, విద్యార్థికీ టీచర్‌కీ మధ్య జరిగేది రెండోది, విద్యార్థులకు తమలో తమకు జరిగేది మూడోది. మన దగ్గర మొదటిది మెటీరియల్ పుస్తకాలతో నడిచిపోతుంది. రెండోది ఆదివారాలకు పరిమితం. మూడోది దాదాపు లేదు. పొన్నూరులో ఒకరు, సత్తెనపల్లిలో ఒకరు ఒకే డిగ్రీ మూడేళ్లు చదివి, పరీక్ష హాల్లో పక్కపక్కన కూర్చుని కూడా ఒకరికొకరు తెలియకుండా వెళ్లిపోతారు. ఫోన్ ఎక్కువగా పనికొచ్చేది ఆ మూడోదానికే. కానీ మనం దాన్ని రెండోదానికి మాత్రమే, అదీ ఒకవైపు మాటగానే వాడుతున్నాం.

ఇదివరకు టీవీలో, శాటిలైట్‌లో పాఠాలు వచ్చేవి కదా. ఇప్పుడు కొత్తేముంది?

నిజమే, దూరవిద్య మనకు కొత్త కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఓపెన్ యూనివర్సిటీ) 1982లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలైంది. ఇప్పుడు దాన్ని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాం. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే ఇగ్నో వచ్చింది. తర్వాత జ్ఞాన్ దర్శన్ టీవీ, జ్ఞాన్ వాణి రేడియో వచ్చాయి. చదువు కోసమే తయారుచేసిన ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని 2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి పంపారు. మన రాష్ట్రంలో ‘మన టీవీ’ అనే ఛానల్ ద్వారా కూడా పాఠాలు వచ్చాయి.

వాటిలో చాలావరకు పాఠం శాటిలైట్ మీదుగా దిగేది, ప్రశ్న ఫోన్ లైన్లో పైకి వెళ్లేది. స్టూడియోలో ఉన్న లైన్లు కొన్నే కాబట్టి గంటలో అడగగలిగేవాళ్లు కూడా కొందరే. లైన్ దొరికినవాడు అడిగేవాడు, దొరకనివాడు వినేవాడు. ఇప్పుడు కొత్తగా వచ్చిన తేడా ఒక్కటే: పైకి వెళ్లే దారి అందరికీ ఒకేసారి తెరిచి ఉంది. వంద మంది జవాబు పది సెకన్లలో టీచర్ ముందుకు వస్తుంది. ఆ దారి మూసేసి పాఠం మాత్రమే కిందికి పంపుతామంటే దానికి స్మార్ట్‌ఫోన్ దేనికి, టీవీ చాలు.

దీన్ని ఎక్కడైనా చేసి చూశారా?

చూశారు. చైనాలోని షాంఘై జియావో టోంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 4జీ రాకముందే ప్రయత్నించారు. క్లాసులో జరుగుతున్న పాఠాన్ని లైవ్‌గా విద్యార్థుల ఫోన్లకు పంపారు. విద్యార్థులు ఫోన్ నుంచే చిన్న మెసేజ్ రూపంలో ప్రశ్న పంపితే టీచర్ చూసి అక్కడికక్కడే జవాబు చెప్పేవారు. మధ్యమధ్యలో పోల్స్ (ఆప్షన్లలో ఒకటి నొక్కి జవాబు చెప్పే ప్రశ్నలు) కూడా పెట్టేవారు. 562 మంది ఉన్న క్లాసులో దీన్ని పరీక్షించి, ఊరికే వినేవాళ్లు క్లాసులో పాలుపంచుకునేవాళ్లుగా మారారని రాశారు. పాలుపంచుకోవడం పెరిగిందంటే మార్కులు పెరిగినట్టు కాదు, ఆ తేడా గుర్తుంచుకుని చదవాలి.

నాకు అందులో నచ్చింది ఒకటి. వాళ్ల దగ్గర ఉన్నవి చిన్న తెరల ఫోన్లు. విద్యార్థి ముఖం టీచర్‌కి కనపడేది కాదు. విద్యార్థి నుంచి వచ్చేది నాలుగు ముక్కల మెసేజ్, ఒక నొక్కు. అవే సరిపోయాయి. మన కౌన్సెలర్లు కొందరు "అందరూ కెమెరాలు ఆన్ చేయండి" అని పావుగంట పోరాడి, ఆ తర్వాత ఒక్క ప్రశ్న కూడా అడగకుండా క్లాసు ముగిస్తారు.

ఏ యాప్ వాడమంటారు?

విద్యార్థుల ఫోన్లలో ఇప్పటికే ఉన్నది. కొత్త యాప్ వేసుకోమన్న ప్రతిసారీ కొంతమంది జారిపోతారు. ఫోన్‌లో జాగా లేదంటారు, పాస్‌వర్డ్ మర్చిపోయామంటారు. నిజంగానే జాగా ఉండదు.

మాట వినిపించడానికి జూమ్ కానీ గూగుల్ మీట్ కానీ ఏదైనా ఒకటే. ఉచిత ఖాతాలో రెండింటికీ వంద మంది వరకే. జూమ్ 40 నిమిషాలకు ఆగిపోతుంది, మీట్‌లో ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది ఉంటే 60 నిమిషాలు. ఈ పరిమితి గురించి చాలామంది బాధపడతారు కానీ నా లెక్కలో అది మేలే. నలభై నిమిషాలకు మించి ఫోన్‌లో వినేవాళ్లు ఎవరూ లేరు. యూట్యూబ్ లైవ్ పెద్ద క్లాసులకు బాగుంటుంది కానీ మీరన్న మాట వాళ్లకు చేరడానికి కొన్ని సెకన్లు ఆలస్యం అవుతుంది. వాళ్ల ప్రశ్న చాట్‌లోకి వచ్చేసరికి మీరు తర్వాతి అంశంలో ఉంటారు.

జవాబులు తీసుకోవడానికి మాత్రం ఎంపిక ముఖ్యం. జూమ్‌లో, మీట్‌లో పోల్ పెట్టాలంటే సాధారణంగా డబ్బులు కట్టిన ఖాతా కావాలి. వాట్సాప్ పోల్ అందరికీ తెలిసిందే, ఉచితం. కానీ అందులో ఎవరు దేనికి ఓటేశారో గ్రూపులో అందరికీ కనపడుతుంది. క్లాసులో తెలివైనదని పేరున్న అమ్మాయి ఏది నొక్కితే మిగతావాళ్లు అదే నొక్కుతారు. టెలిగ్రామ్‌లో పేర్లు కనపడకుండా పోల్ పెట్టవచ్చు. క్విజ్ పద్ధతిలో పెడితే జవాబు తప్పో ఒప్పో వెంటనే చూపిస్తుంది కూడా. గూగుల్ ఫామ్ కొంచెం నిదానం అయినా నమ్మకమైనది. తప్పొప్పులున్న ప్రశ్నకు టెలిగ్రామ్ లేదా ఫామ్, "వచ్చే వారం క్లాసు ఎన్నింటికి" లాంటి వాటికి వాట్సాప్. నేను పాటించేది ఇదే.

డేటా అయిపోతుందని విద్యార్థులు గోల పెడుతున్నారు. ఎంత ఖర్చవుతుంది?

లెక్క వేసి చూపిస్తే గోల తగ్గుతుంది. వీడియో సెకనుకు 500 కిలోబిట్ల వేగంతో వస్తే గంటకు దాదాపు 225 ఎంబీ. మాట ఒక్కటే 32 కిలోబిట్లతో వస్తే గంటకు 15 ఎంబీ కూడా కాదు. యాప్‌ని బట్టి ఇంకొంత పైన పడుతుంది కానీ తేడా ఎంతో తెలుస్తోంది కదా. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకు వీడియో కూడా పెద్ద బరువు కాకపోవచ్చు. అయితే అదే ఫోన్ మీద సాయంత్రం ఇంట్లో అందరూ ఆధారపడతారు.

డేటా కంటే పెద్ద సమస్య సిగ్నల్. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు వీడియో ఆన్‌లో ఉంటే మాట కూడా ముక్కలవుతుంది. అందుకని మొదటి రెండు నిమిషాలు ముఖం చూపించి నమస్కారం పెట్టండి, తర్వాత కెమెరా ఆపేయండి. లెక్కలు, పట్టికలు ఉన్న కాగితాలను ముందు రోజు రాత్రే గ్రూపులో పెట్టేయండి. "రెండో పేజీ, పై నుంచి మూడో లెక్క చూడండమ్మా" అంటే రైల్లో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నవాళ్లు కూడా అనుసరించగలరు.

పోల్ ప్రశ్న ఎలా తయారుచేయాలి? మేం పెడితే అందరూ సరైనదే నొక్కుతున్నారు.

అందరూ సరైనదే నొక్కారంటే ఆ ప్రశ్న అనవసరం. అందరూ తప్పు నొక్కినా అంతే. తప్పు చేసినవాడు ఏ తప్పు చేశాడో చెప్పే ప్రశ్న కావాలి.

తరుగుదల, అంటే వాడుతున్నకొద్దీ ఆస్తి విలువ తగ్గడం, ఆ పాఠం తీసుకుందాం. ఒక యంత్రం 1,00,000 రూపాయలకు కొన్నారు. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో, అంటే ఏటా మిగిలిన విలువ మీద, 10 శాతం తరుగుదల. రెండో సంవత్సరం తరుగుదల ఎంత? దీనికి జవాబు 9,000. మిగతా మూడు ఆప్షన్లలోనే ఉంది అసలు పని. 10,000 అని ఒకటి పెట్టండి. అది నొక్కినవాళ్లు స్థిర వాయిదా పద్ధతితో (ఏటా ఒకే మొత్తం తగ్గించేది) కలిపేసుకున్నారు. 8,100 అని ఒకటి పెట్టండి. వాళ్లకు పద్ధతి తెలుసు, సంవత్సరం ఒకటి ముందుకు వెళ్లిపోయారు. 19,000 అని ఇంకొకటి. వాళ్లు రెండేళ్ల తరుగుదలను కలిపేశారు, అంటే లెక్క వచ్చు, ప్రశ్న సరిగ్గా చదవలేదు. మూడు తప్పులకు మూడు వేర్వేరు మందులు. 10,000 నొక్కినవాళ్లకు పాఠం మళ్లీ చెప్పాలి. 19,000 నొక్కినవాళ్లకు పాఠం మళ్లీ చెప్తే విసుగు, వాళ్లకు ప్రశ్న మళ్లీ చదివిస్తే చాలు. ఆప్షన్లలో ఊరికే 7,500 అనో 12,000 అనో పెడితే ఎవరో గుడ్డిగా నొక్కుతారు, దాన్నుంచి మీకు తెలిసేది ఏమీ ఉండదు.

లెక్కలు లేని సబ్జెక్టుల్లోనూ ఇదే. గవర్నర్ అధికారాల గురించి అడిగితే, తప్పు ఆప్షన్లలో ముఖ్యమంత్రి అధికారం ఒకటి, రాష్ట్రపతి అధికారం ఒకటి ఉండాలి. విద్యార్థులు కలగలిపేసుకునేది వాటినే.

ఇలాంటి ప్రశ్న తయారుచేయడానికి టైమ్ పడుతుంది. ఒక క్లాసుకు మూడు చాలు. పాత అసైన్‌మెంట్లు దిద్దేటప్పుడు కనపడే తప్పులను ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోతే ఆప్షన్లు వాటంతటవే దొరుకుతాయి.

జవాబులు వచ్చాక ఏం చేయాలి?

వెంటనే సరైన జవాబు చెప్పేయకండి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది. సరైన జవాబు చెప్పినవాళ్లు సుమారు 30 నుంచి 70 శాతం మధ్యలో ఉంటే, విద్యార్థులందరినీ పక్కవాళ్లతో వాదించుకోమని వదిలేసి, మళ్లీ అదే ప్రశ్నకు ఓటు వేయిస్తారు. 30 కంటే తక్కువైతే పాఠం మళ్లీ చెప్తారు. 70 దాటితే చిన్న వివరణ ఇచ్చి ముందుకు వెళ్తారు.

మన ఫోన్ క్లాసులో పక్కవాళ్లు ఉండరు కాబట్టి ఐదారుగురితో చిన్న వాట్సాప్ గ్రూపులు ముందే చేసి పెట్టుకోవాలి. ఊరి ప్రకారం చేస్తే మంచిది: తెనాలి వాళ్లు ఒకటి, మంగళగిరి వాళ్లు ఒకటి, పటమట వైపు వాళ్లు ఒకటి. "మీ చిన్న గ్రూపులోకి వెళ్లి ఐదు నిమిషాలు మాట్లాడుకోండి, రాగానే మళ్లీ ఓటు" అనండి. రెండో ఓటులో ఫలితం మారడం వాళ్లే కళ్లారా చూస్తారు. ఒకే ఊరి గ్రూపు అయితే క్లాసు అయ్యాక కూడా బతుకుతుంది. పుస్తకాలు మార్చుకుంటారు, పరీక్షలకు కలిసి వస్తారు.

ఎన్నిసార్లు అడిగినా ఎవరూ మాట్లాడరు. నిశ్శబ్దం. ఏం చేయాలి?

మొదట, "అర్థమైందా?" అని అడగడం మానేయండి. దానికి "ఎస్ సార్" తప్ప ఇంకేం వస్తుంది? అర్థంకానివాడు కూడా అదే అంటాడు, ఇంకా గట్టిగా అంటాడు.

రెండోది, ఆగండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే గమనించింది: టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక సెకను మాత్రమే ఆగి, ఆ తర్వాత తామే మాట్లాడేస్తారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా వస్తాయి, ఎప్పుడూ నోరెత్తనివాళ్లు కూడా మాట్లాడతారు. అది గదిలో జరిగే క్లాసు సంగతి. ఫోన్‌లో మీ మాట చేరడానికి ఒక సెకను, వాళ్లు మ్యూట్ తీయడానికి రెండు సెకన్లు, ధైర్యం తెచ్చుకోవడానికి ఇంకొన్ని. మనసులో పది లెక్కపెట్టండి. ఆ పది సెకన్లు చెప్పేవాళ్లకు చాలా ఇబ్బందిగా ఉంటాయి. టెన్షన్ పడకండి, నెట్ పోలేదు.

మూడోది, నోటితోనే చెప్పాలని పట్టుబట్టకండి. చాలామందికి ఇంట్లో మాట్లాడే వీలుండదు. పక్కన అత్తగారు టీవీ చూస్తుంటారు, షాపులో యజమాని ఉంటాడు. చాట్‌లో ఒక అక్షరం టైప్ చేయమనండి. "సంవత్సరం చివరి నిల్వ ఎంత? అంకె మాత్రమే రాయండి" అంటే ఇరవై అంకెలు వస్తాయి. అందరూ రాశాక ఒకేసారి ఎంటర్ నొక్కమంటే ఒకరిది ఒకరు చూసి రాయడం కూడా ఉండదు.

మిర్చి యార్డులో, ఆటోనగర్‌లో, షాపుల్లో పనిచేసేవాళ్లు లైవ్ క్లాసుకు రాలేరు. వాళ్ల సంగతేంటి?

దూరవిద్యలో చేరేది ఎక్కువగా వాళ్లే. కాబట్టి లైవ్ క్లాసు అదనం, అసలు క్లాసు వాళ్లకు వీలైన టైమ్‌లో జరిగేది. ఈ మాట చెప్తే కౌన్సెలర్లలో కొందరికి నచ్చదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకు మిర్చి ముమ్మరంగా వచ్చే రోజుల్లో అక్కడ గుమాస్తాగా పనిచేసే కుర్రాడు ఉదయం పదింటికి క్లాసులో కూర్చుంటాడని అనుకోవడం మన అమాయకత్వం.

లైవ్ క్లాసు రికార్డింగ్ మొత్తం గ్రూపులో పడేస్తే ఎవరూ చూడరు. ఎనిమిది పది నిమిషాల ముక్కలుగా, మాట మాత్రమే, విడిగా రికార్డ్ చేయండి. ప్రతి ముక్క చివర ఒక ప్రశ్న వదలండి, దానికి వాయిస్ మెసేజ్‌లో జవాబు చెప్పమనండి. నిమిషం వాయిస్ మెసేజ్ అర ఎంబీ కూడా ఉండదు. లారీ లోడ్ అయ్యేలోపు పంపేయొచ్చు.

అలా రాత్రి పదకొండింటికి వచ్చే మెసేజ్‌లు ఎలా ఉంటాయంటే: "మేడమ్, ఆ మూడో సంవత్సరం లెక్కలో మీరు ఎనభై ఒక్క వేల మీద పది శాతం అన్నారు కదండి, మరి మధ్యలో యంత్రం అమ్మేస్తే ఆ నెలల వరకే కట్టాలా?" వెనకాల బస్తాలు దించే చప్పుడు వినపడుతూ ఉంటుంది. ఆదివారం క్లాసులో ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగరు. దీనికి ఆయన ఒక్కడికే జవాబు పంపకండి. ఆయన అనుమతి తీసుకుని, పేరు లేకుండా ప్రశ్నను అందరికీ వినిపించి, ఆ తర్వాత జవాబు పెట్టండి.

జవాబు ఎప్పటికి వస్తుందో ముందే చెప్పి ఉంచాలి. "48 గంటల్లో" అని చెప్పి మాట నిలబెట్టుకోండి. అర్ధరాత్రి జవాబిచ్చే అలవాటు చేస్తే మీకు నిద్ర ఉండదు.

గ్రూపు నిండా గుడ్‌మార్నింగ్‌లు, పండగ శుభాకాంక్షలు. పాఠం ఎక్కడో కిందికి పోతోంది.

గ్రూపు రెండు చేయండి. ఒకదాంట్లో అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగ్ పెట్టి పాఠాలు, తేదీలు పెట్టండి. రెండోది మాటలకు. రెండోదాంట్లో గుడ్‌మార్నింగ్‌లు వస్తే రానివ్వండి, వాళ్లూ మనుషులే.

తెలుగులో టైప్ చేయడం రాదంటున్నారు. ఇంగ్లిష్‌లో రాయమంటే భయపడుతున్నారు.

ఫోన్ కీబోర్డులో తెలుగు చేర్చి మైక్ గుర్తు నొక్కి మాట్లాడితే అదే టైప్ అవుతుంది. సాధారణ వాక్యాలకు బాగానే పనిచేస్తుంది. సాంకేతిక పదాల దగ్గర తప్పులు వస్తాయి కానీ అర్థం చేసుకోలేనంత కాదు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసినా పర్వాలేదు. పెద్ద జవాబైతే కాగితం మీద పెన్నుతో రాసి ఫోటో తీసి పెట్టమనండి. ఎలాగూ పరీక్ష రాయాల్సింది పెన్నుతోనే. వేళ్లకు అలవాటు తప్పకూడదు.

ఇంట్లో ఒకే ఫోన్ ఉంది, లేదా కీప్యాడ్ ఫోనే ఉంది. వాళ్లను ఎలా కలుపుకోవాలి?

ఒకే ఫోన్ ఉన్నవాళ్లకు ఆ ఫోన్ ఏ టైమ్‌లో చేతికొస్తుందో చేరే రోజే అడిగి రాసుకోండి. చాలా ఇళ్లలో అది రాత్రి తొమ్మిది తర్వాతే. కీప్యాడ్ ఫోన్ ఉన్నవాళ్లను లైవ్ క్లాసు జరిగేటప్పుడు మామూలు కాల్‌లో కలపవచ్చు. ఇంకో ఫోన్ నుంచి వాళ్లకు కాల్ చేసి స్పీకర్ దగ్గర పెడితే సరిపోతుంది. పోల్‌కు జవాబు ఎస్‌ఎంఎస్‌లో, "2 ఆ" అంటే రెండో ప్రశ్నకు ఆ ఆప్షన్ అని పంపమనండి. ఇద్దరు ముగ్గురు ఉంటే ఇది నడుస్తుంది. ఇరవై మంది ఉంటే నడవదు. అప్పుడు వాళ్లకు సెంటర్‌లో ముఖాముఖి క్లాసు పెట్టడమే న్యాయం.

సెంటర్‌కి వచ్చినవాళ్లు కొందరు, ఇంటినుంచి చేరినవాళ్లు కొందరు. ఇద్దరికీ ఒకే క్లాసు కుదురుతుందా?

కుదురుతుంది, కానీ అన్నిటికంటే కష్టమైనది ఇదే. ఎదురుగా కూర్చున్నవాళ్లతో మాట్లాడుతూ ఫోన్‌లో ఉన్నవాళ్లను మర్చిపోతాం. హాల్లో ఒకరు ప్రశ్న అడిగితే ఇంట్లో వాళ్లకు వినపడదు. కాబట్టి ప్రతి ప్రశ్ననూ మైక్‌లో మళ్లీ చెప్పి తర్వాత జవాబు చెప్పాలి. బోర్డు మీద రాసేది ఫోన్‌లో కనపడదు. బోర్డు బదులు కాగితం మీద రాసి, పైన ఫోన్ స్టాండ్‌కు బిగించి చూపిస్తే ఇంట్లో ఉన్నవాళ్లకూ కనపడుతుంది.

హాల్లో ఉన్నవాళ్ల దగ్గర ఫోన్ లేకపోయినా, చార్జింగ్ అయిపోయినా ప్లికర్స్ అనే పద్ధతి ఉంది. ఒక్కో విద్యార్థికి ఒక గుర్తు అచ్చువేసిన కార్డు ఇస్తారు. కార్డును ఏ వైపు తిప్పి పట్టుకుంటే అది జవాబు. టీచర్ తన ఫోన్ కెమెరాను హాలంతా తిప్పితే ఎవరు ఏం చెప్పారో ఫోన్ చదివేస్తుంది. పక్కవాళ్లకు మాత్రం తెలియదు.

రెండో మనిషి ఉండటం తప్పనిసరి. పాఠం చెప్పేవాళ్లు ఒకరు, చాట్ చూసేవాళ్లు ఒకరు. ఫైనలియర్ విద్యార్థి ఎవరైనా ఆ పని హాయిగా చేస్తారు. "సార్, తెనాలి నుంచి ఇద్దరు ఇదే డౌట్ అడుగుతున్నారు" అని మధ్యలో ఆపే మనిషి ఉంటే క్లాసు రూపమే మారిపోతుంది. వయసులో పెద్దవాళ్లయిన కౌన్సెలర్లకు ఫోన్ భయం కూడా దీంతో పోతుంది. వాళ్లు చెప్పడం మీద మనసు పెడితే చాలు.

మహిళా విద్యార్థులు గ్రూపులో నంబర్ కనపడుతుందని చేరడం లేదు.

వాళ్ల జంకు సరైనదే. గ్రూపులో నంబర్ చూసి రాత్రి "హాయ్" అని మెసేజ్ పెట్టేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు ఉంటారు. టెలిగ్రామ్‌లో నంబర్ ఎవరికీ కనపడకుండా సెట్టింగ్ ఉంది, మొదటి క్లాసులోనే చేయించండి. వాట్సాప్‌లోనైతే కమ్యూనిటీ ప్రకటనల గ్రూపులో సభ్యుల నంబర్లు ఒకరివొకరికి కనపడవు. చిన్న గ్రూపుల్లో మహిళలు విడిగా కావాలంటే విడిగా చేయండి, కారణం అడగకండి. వ్యక్తిగత మెసేజ్‌లు పంపితే గ్రూపు నుంచి తీసేస్తామని మొదటి రోజే చెప్పి, చెప్పినట్టే చేయండి.

రికార్డ్ చేసేముందు ప్రతిసారీ చెప్పాలి. వ్యక్తిగత సమాచారం గురించి 2023లో కేంద్రం చేసిన చట్టం కూడా అనుమతి తీసుకోమనే అంటుంది. సార్వత్రిక పాఠశాలలో చదివే 18 ఏళ్లలోపు పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి కావాలి. రికార్డింగ్‌లో విద్యార్థుల గొంతు అవసరం లేదనుకుంటే మీ భాగం మాత్రమే విడిగా రికార్డ్ చేసి పెట్టండి, గొడవే ఉండదు.

పోల్ జవాబులకు మార్కులు వేయొచ్చా? హాజరు తీసుకోవచ్చా?

వేయొద్దు. మార్కులు పెట్టిన రోజు నుంచి జవాబులు కాపీ అవుతాయి. వాళ్లు తప్పు చేయడానికి భయపడితే, వాళ్లకు ఏం అర్థంకాలేదో మీరు తెలుసుకునే దారి మూసుకుపోతుంది. హాజరుకు వాడుకోవచ్చు, నొక్కితే హాజరు, తప్పైనా ఒప్పైనా.

ఈ ఫోన్ క్లాసులు విన్నంత మాత్రాన డిగ్రీకి గుర్తింపులో తేడా వస్తుందా?

రాదు. మీరు చేరింది దూరవిద్య కోర్సులోనా, ఆన్‌లైన్ కోర్సులోనా అన్నదే లెక్క. యూజీసీ 2020 నిబంధనల్లో ఆ రెండూ వేర్వేరు. మీ యూనివర్సిటీకి, మీ కోర్సుకు, మీరు చేరిన సంవత్సరానికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య విభాగం జాబితాలో చూసుకోండి. అదనంగా వినాలనుకుంటే 2017లో మొదలైన, కేంద్ర ప్రభుత్వం నడిపే ‘స్వయం’ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో వీడియో, పాఠం, స్వీయ పరీక్ష, చర్చ అన్నీ ఉన్నాయి. చర్చ భాగంలో ప్రశ్నలు అడిగితే జవాబులు వస్తాయి. మన పిల్లలు అక్కడ అడగడానికి మొహమాటపడతారు.

క్లాసు మధ్యలో కరెంటు పోతే?

ఎండాకాలంలో ఇది పోతుందా లేదా అని కాదు, ఎప్పుడు పోతుందనే ప్రశ్న. వైఫై మీద చెప్తుంటే రౌటర్ ఆగిపోతుంది కాబట్టి ఫోన్ డేటా ముందే ఆన్ చేసి ఉంచుకోండి, పవర్ బ్యాంక్ పక్కన పెట్టుకోండి. మీ ఖాతాలో వీలుంటే మీ రెండో మనిషిని మీటింగ్‌లో కో-హోస్ట్‌గా (మీతోపాటు క్లాసు నడిపే మనిషిగా) పెట్టండి, మీరు పడిపోయినా క్లాసు మూసుకుపోదు. ఆ మనిషి దగ్గర ఆరోజు మూడు పోల్ ప్రశ్నలు ముందే ఉంటే, మీరు తిరిగి వచ్చేలోపు ఒకటి పెట్టి చిన్న గ్రూపుల్లో వాదించుకోమంటారు. పది నిమిషాలకు కూడా మీరు రాలేకపోతే క్లాసు అక్కడితో ఆపేసి, మిగిలిన భాగం రాత్రికి రెండు వాయిస్ మెసేజ్‌లుగా పంపిస్తామని గ్రూపులో రాయాలి. మే నెల క్లాసులైతే ఉదయం ఏడింటికే పెట్టుకోండి. పదకొండు దాటాక రేకుల ఇళ్లలో ఉండేవాళ్లు ఫోన్ పట్టుకుని కూర్చోలేరు.